స్టాపులో పెద్దాయన

బస్సు ఆగలేదు. నళిని చెయ్యెత్తుకొని రోడ్డు మీదికి రెండడుగులు వేసింది కూడా. అయినా ఆ టౌన్ బస్సు వేగం తగ్గించకుండా, అత్తాకోడళ్ళిద్దరి ముఖాన ఎర్రదుమ్ము కొట్టి, కృష్ణగిరి వైపు వెళ్ళిపోయింది.

"నిన్నా ఇంతే, ఇయ్యాలా ఇంతే," అంది నళిని. "కృష్ణగిరిలో కంపెనీ వ్యాను నా కోసం కాచుకోదు అత్తా. మూడు దినాలు తప్పిపోతే ఇంక హోసూరు కంపెనీ దిక్కుకు రావద్దని చెప్పేసినాడు సూపర్‌వైజరు."

నంజమ్మకు ఒళ్ళు మండింది. కోడలికి కంపెనీలో పని దొరికిందని వేప్పనపల్లి సంతలో ఎదురుపడిన వాళ్ళందరినీ ఆపి మరీ చెప్పుకున్న మనిషి ఆమె. ఆడవాళ్ళకు టౌన్ బస్సులో టికెట్టు అక్కర్లేదని సర్కారు చెప్పిన నాడు ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంబరపడిందీ ఆమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలు. స్టాపులో ఒక్క మగవాడు కనబడితే చాలు, బస్సు బుద్ధిగా ఆగుతుంది. ఉత్త ఆడవాళ్ళే ఉంటే డ్రైవరుకు ఉన్నట్టుండి చూపు పోతుంది.

ఇంటికి వచ్చీ రాగానే మొగుడి మీద పడింది.

"రేపు నువ్వొచ్చి స్టాపులో నిలబడు."

కేశవప్ప పాలు పిండుతూ తలెత్తలేదు. "ఒక దినమంటే నిలబడొచ్చు. రేపు నిలబడితే ఎల్లుండి గూడా రమ్మంటావు. దినామూ అట్ల రోడ్డులో నిలబడేదానికి నేనేమన్నా దిష్టిబొమ్మనా?"

మామూలుగా అయితే నంజమ్మ ఈ మాటకు నాలుగు మాటలు తగిలించేది. ఈసారి తలతిప్పి టమాటా తోట వైపు చూసింది.

తెల్లవారి బస్సు వచ్చే వేళకు స్టాపులో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, పంచె కేశవప్పవి. తలకు తువ్వాలు చుట్టి, చలికి ముసుగేసుకున్నట్టు దాని కొసను ముఖం మీదికి లాగి ఉంది. చేతికి ఒక సంచి కూడా తగిలించింది నంజమ్మ. సంచీ లేకుండా ఊరికి పోయే మగవాడెవడు?

"ఎవురన్నా చూస్తే నవ్వుతారత్తా," అంది నళిని మామిడిచెట్టు చాటు నుంచి.

"నవ్వనీ. నవ్వేటోళ్ళేమన్నా నీకు పనిస్తారా?"

బస్సు వచ్చింది. వచ్చి, పెద్దాయన ముందు చక్కగా ఆగింది.

"ఎక్కు పెద్దాయనా, టైమయింది," అన్నాడు కండక్టరు. పెద్దాయన కదల్లేదు. ఈ లోపల నళిని చెట్టు చాటు నుంచి ఉరికి వెనక తలుపులో ఎక్కేసింది. "చెవుడా ఏమి?" అంటూ కండక్టరు దిగి పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. చొక్కా చేతిలో నుంచి గుప్పెడు గడ్డి ఊడి వచ్చింది.

బస్సంతా గొల్లుమంది. డ్రైవరు తిమ్మరాజు మాత్రం నవ్వలేదు. ఎర్రబడిన ముఖంతో కిందికి దిగాడు.

"ఎవురు చేసింది ఈ పని?"

"నేనే," అంటూ నంజమ్మ ఎదురొచ్చి నిలబడింది. "బొమ్మకు నిలిపితివి, మనిషికి నిలపకపోతివి. తప్పు నాదా, నీదా?"

"నాకేమన్నా సరదానా అమ్మా? టైముకు పోలేదంటే అడుగుతారు, కలెక్షన్ లేదంటే అడుగుతారు. పైన కూర్చున్నోళ్ళు ఫ్రీ అని చెప్పేసి పోతారు. తిట్లు తినేది మేము."

"అయితే పోయి ఆ పైనోళ్ళతో కొట్లాడు. నా కోడల్ని రోడ్డులో వదిలేసి పోతే నీ తిట్లు తగ్గుతాయా? నీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

తిమ్మరాజు బొమ్మను కింది నుంచి పైదాకా చూశాడు. పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బస్సు కదిలింది.

కాసేపటికి నళిని ఫోన్ చేసింది. "వ్యాను దొరికిందత్తా." నంజమ్మకు కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో బొమ్మ చొక్కాలో గడ్డి మళ్ళీ కూరి, రేపటికి పనికొస్తుందని స్టాపు స్తంభానికి గట్టిగా కట్టేసి ఇంటికి పోయింది.

మరునాడు పొద్దున వచ్చి చూస్తే స్తంభం ఒంటరిగా ఉంది. బొమ్మ లేదు, తాడు లేదు, సంచీ కూడా లేదు.

"వాడే," అంది నంజమ్మ పళ్ళు కొరుకుతూ. "ఆ డ్రైవరే పీకి పారేసుంటాడు. వాని చేతులు పడిపోను."

"ఇప్పుడెట్ల అత్తా?"

నంజమ్మ రోడ్డుకు రెండు వైపులా చూసింది. కేశవప్ప పాల సొసైటీకి పోయి ఉన్నాడు. చుట్టుపక్కల ఎక్కడా మగ పురుగు లేదు. అంతలోనే మలుపులో బస్సు చప్పుడు వినబడింది. ఆశ లేకపోయినా నళిని చెయ్యెత్తింది. ఈ రోజుతో కోడలి పని పోయినట్టే అనుకుంది నంజమ్మ.

బస్సు వేగం తగ్గింది. తగ్గి, సరిగ్గా నళిని ముందు ఆగింది.

నళిని నమ్మలేక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. గబగబా ఎక్కి కూర్చుంది. నంజమ్మకు మనసు కుదుటపడింది గానీ నోరు ఊరుకోలేదు. డ్రైవరు కిటికీ దగ్గరికి పోయింది.

"బస్సు నిలిపినావు, మంచిదే. మా బొమ్మను ఏం చేసినావప్పా?"

తిమ్మరాజు తల గోక్కున్నాడు.

"నిన్న సాయంత్రం ట్రిప్పులో నేనే ఎత్తుకోని పోయినానమ్మా," అన్నాడు మెల్లగా. "మత్తూరు దోవలో మా ఊరి స్టాపులో నిలబెట్టినాను. ఆసుపత్రికి పోవాలని మా అమ్మ దినామూ ఆడ చెయ్యెత్తుకోని నిలబడుంటాది, ఒక్క డ్రైవరూ బస్సు నిలపడం లేదు."