నిమ్మచెట్ల పొయ్యి

తెర్మెజ్, జనవరి పదిహేడు. తందూరులో రొట్టెలు కాల్చాను, పెరట్లో మంచు ఊడ్చాను. ఇంట్లో ఉన్న ఒక్క బొగ్గుల పొయ్యినీ నిమ్మచెట్ల గాజుగదిలో రాజేశాను.

మంచంలోంచి అత్తయ్య పిలిచింది. "గుల్‌సారా, ఒళ్లు కొయ్యబారిపోతోందే. ఈ ఒక్క రాత్రికి ఆ పొయ్యి ఇక్కడ పెట్టవే."

"నిమ్మచెట్లు చలికి ఆగవు అత్తయ్యా. మనుషులైతే ఓర్చుకుంటారు."

"చెట్లకి పొయ్యి, ముసలిదానికి గొయ్యా? ఎవరు నేర్పారే నీకీ మాటలు?"

ఆవిడ దుప్పటి సర్ది, తలుపు వేసి వచ్చాను.

తెల్లారేసరికి చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. అత్తయ్య చల్లబడిపోయింది.

ఆ మాటలు నేర్పింది ఆవిడే. నా పాప పుట్టిన చలికాలంలో, ఇదే పొయ్యి కోసం నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నప్పుడు.

పాప సమాధి పక్కనే ఆవిడకి గొయ్యి తవ్వించాను. బాకీ తీరింది.