ఏ రాష్ట్రంలో ఉన్నావు?

వీడియోలో షెల్బీ మొహం కనబడగానే మానసిక సమస్యలకు సలహాలిచ్చే కౌన్సెలర్ లోర్నా ప్రతి గురువారం అడిగే మొదటి ప్రశ్నే అడిగింది.

"ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నావు?"

"ఐడహో. పొద్దున్నే నది దాటి వచ్చేశాను మేడం." షెల్బీ నవ్వబోయింది. పెదవులు వణికాయి.

లోర్నా కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నా లైసెన్సు ఒరెగన్‌లోనే చెల్లుతుంది. నువ్వు అక్కడుంటే నేను మాట్లాడకూడదు. పెట్టేస్తున్నాను," అంది.

షెల్బీ పక్కనుంచి ఒక మగగొంతు పకపకా నవ్వింది. "చూశావా? మీ మేడం గారికి నీ ఏడుపు కంటే ఆ కాగితమే ఎక్కువ!"

"రూలు రూలే కదా," అంది షెల్బీ తల వంచుకుని.

లోర్నా కాల్ కట్ చేసింది. వెంటనే పోలీసులకు ఫోను చేసింది.

"ఇక్కడే, ఒరెగన్‌లోనే! మిల్లు రోడ్డులో నాలుగో ఇల్లు, షెల్బీది. మొగుడు పక్కనే ఉన్నాడు. త్వరగా వెళ్ళండి!"

"మీకెలా తెలుసమ్మా?"

"నేను రూలు చెప్పి పెట్టేస్తే వాడికి అనుమానం రాదు. అందుకే, వాడు తుపాకీ తీసిన రోజు ఐడహో అని చెప్పమన్నాను; నన్ను వదిలించుకోడానికే అబద్ధమాడిందని వాడు అనుకుంటాడు. పది వారాలూ ఒరెగన్ అనే చెప్పింది, బాబూ."