ఇద్దరి గదిలో మూడో మనిషి

బిస్కెట్ ముక్క మంచం మీద రాలింది.

కిందినుంచి ఒక చెయ్యి పైకి వచ్చి, దాన్ని వేలికి అద్దుకుని వెళ్ళిపోయింది.

"తిన్నాక డబ్బాకి మూత పెట్టు చెల్లీ. ఈ పాటి పొడి చాలు, చీమలు దారి కనిపెట్టేస్తాయి."

కిటికీ పక్క మంచం మీది అమ్మాయి డబ్బా అలాగే వదిలేసి వెనక్కి వాలింది. ఆమెది నర్సింగు చదువు. పొద్దుటినుంచి వార్డులో నిలబడీ నిలబడీ పాదాలు ఎవరివో అయినట్టున్నాయి.

విద్యార్థినుల హాస్టల్లో అది పద్నాలుగో గది. మంచాలు రెండు. మనుషులు ముగ్గురు.

మూడో మనిషి గుమ్మం పక్కన చాప మీద ఉండేది. ముప్ఫై దాటిన మనిషి. ఎప్పుడో ఆగిపోయిన చదువు పూర్తిచెయ్యాలని ఉద్యోగం వదులుకుని వచ్చింది. ఆమెకి వాళ్ళు పెట్టుకున్న పేరు చీపురక్క.

గోడవైపు మంచం పొడుగమ్మాయిది. సీటు ముందే వచ్చినా ఆలస్యంగా చేరింది. గదిలో చేరిన రోజే కిటికీ అమ్మాయిని గుసగుసగా అడిగింది.

"ఎవరే ఆవిడ? మీ చుట్టమా?"

"కాదు. నేనొచ్చేసరికే ఉంది. నాకా రోజు ఒళ్ళు తెలియని జ్వరం. ఆఫీసులో పద్నాలుగుకి వెళ్ళమన్నారు, వచ్చా. ఈ మంచం ఖాళీయేనా అంటే పడుకోమంది, పడుకున్నా."

"అయితే ఎవరి తాలూకో ఎక్స్‌ట్రా. పోనీలే, గది ఊడుస్తోంది."

ఊడవడంతో ఆగితే బాగానే ఉండేది.

స్నానాలగది తూము మీద ఎప్పుడూ ఒక గిన్నె బోర్లించి ఉండాలి. గోడలోంచి గొట్టం వచ్చేచోట సందులో నానబెట్టిన కాగితం, సబ్బు కలిపి కూరేది. అట్టపెట్టె కనిపిస్తే బయటికి, బొద్దింకలు గుడ్లు పెడతాయని. ఊరినుంచి తెచ్చిన బ్యాగుని మంచమెక్కనిచ్చేది కాదు.

"ముందు ఎండలో పెట్టు. నల్లులు నడిచి రావు తల్లీ, మనమే మోసుకొస్తాం."

"రేపు అత్తగారొచ్చినా ఇంత సాధించదేమో అక్కా," అంది పొడుగమ్మాయి.

చీపురక్క నవ్వింది. "సాధిస్తే సాధించాననుకోండి. బయట గది తీసుకునే స్తోమత నాకు లేదు. ఇక్కడ చోటుంటేనే చదువు. ఉన్న చోటు శుభ్రంగా ఉండొద్దూ?"

ఆదివారం పరుపుల వంతు. మంచం సందుల్లో మరిగే నీళ్ళు పోయడం, పరుపు కుట్ల వెంట గుండుసూదితో వెతకడం, తర్వాత పరుపు ఎండలో వెయ్యడం.

ఆ ఆదివారం, ఆరు రోజుల డ్యూటీ తర్వాత, కిటికీ అమ్మాయికి కాస్త నిద్ర దొరికింది.

"లేమ్మా. ఎండ పోతుంది."

"ఇవాళ వదిలెయ్యండక్కా."

"ఒక్క వారమే కదా అని వదిలితే మళ్ళీ పట్టుకోలేం. లే, నువ్వు కుర్చీలో పడుకుందువుగాని."

ఆమె లేచి కూచుంది. జుట్టు మొహం మీద పడి ఉంది.

"అసలు మీరెవరండీ? ఇద్దరికిచ్చిన గది ఇది. కాస్త చోటిచ్చాం కదా అని మా నెత్తినెక్కితే ఎలా?"

ఆ మాటల్లో కోపం లేదు. అలసట ఉంది. కోపమే అయితే సాయంత్రానికి దిగి ఉండేది.

చీపురక్క పొడుగమ్మాయి వైపు చూసింది. పొడుగమ్మాయి ఫోను చూసుకుంటోంది.

"నేనుంటే ఇరుకవుతోందా?"

కిటికీ అమ్మాయి దిండు ఒళ్ళోకి లాక్కుంది.

చీపురక్క ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. కిటికీ అమ్మాయి కళ్ళ కింద నలుపు చూసింది. నోరు మూసుకుంది.

"నిజమే. గది ఇద్దరికే," అంది.

చాప చుట్టుకుని, బ్యాగు సర్దుకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తూము మీద గిన్నె సరిగ్గా ఉందో లేదో చూసి మరీ వెళ్ళింది.

తర్వాతి రెండు ఆదివారాలు కిటికీ అమ్మాయి పన్నెండింటిదాకా నిద్రపోయింది.

మూడో వారం పొడుగమ్మాయి ఊరెళ్ళొచ్చి బ్యాగు తిన్నగా మంచం మీద పడేసింది. కొద్ది రోజులకే కిటికీ అమ్మాయి మణికట్టు మీద వరసగా మూడు దద్దుర్లు లేచాయి. గ్లాసులోంచి బొద్దింక బయటికొచ్చింది. గిన్నెని తూము మీంచి ఎవరు తీశారో ఇద్దరికీ గుర్తులేదు.

రాత్రిళ్ళు నిద్ర లేకుండా పోయింది. వార్డులో మందు సీసా చేతిలోంచి జారిపడితే హెడ్ నర్సు నలుగురిలో చివాట్లు పెట్టింది.

ఆదివారం గుండుసూది పట్టుకుని కిటికీ అమ్మాయే కూచుంది. ఒక్క పరుపుకి గంట పట్టింది. చీపురక్క వారం వారం రెండు పరుపులు దులిపేదనీ, ఆ రెంటిలో ఒక్కదాని మీదా ఆమె పడుకోలేదనీ అప్పుడు తట్టింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళింది.

"పద్నాలుగులో నల్లులండీ. మందు కొట్టించాలి."

గుమాస్తా తల ఎత్తకుండా రాసుకున్నాడు. "ఇంకేమన్నా ఉందా?"

"మా గదిలో ఒకావిడ ఎక్స్‌ట్రాగా ఉండేది. ఎక్కడికెళ్ళిందో తెలుస్తుందా? మళ్ళీ రమ్మందామని. కింద పడుకుంటానంటే మాకేం అభ్యంతరం లేదు."

"పద్నాలుగులో ఎక్స్‌ట్రా ఒక్కరే. వెయిటింగ్ లిస్టు మనిషి. ఖాళీ వచ్చేదాకా నేలమీద సర్దుకోమని నేనే పంపాను."

"ఆ, ఆవిడేనండీ."

గుమాస్తా మొదటిసారి తల ఎత్తి ఆమెని చూసి, రిజిస్టరు ఇటు తిప్పాడు: వెయిటింగ్ లిస్టులో ఉన్నది కిటికీ అమ్మాయి పేరు, కిటికీ పక్క మంచం మొదటినుంచీ చీపురక్కది, గది వదిలిన మర్నాడే ఆమె ఆ మంచాన్ని ఈ పిల్ల పేరున రాయించి, చదువు మానుకుంటున్నట్టు కింద సంతకం పెట్టి వెళ్ళింది.