సింగిల్ మాల్ట్ గోపాలయ్య

"మీరు తాగేది విస్కీ కాదు. చక్కెర ఫ్యాక్టరీల మిగిలిన చెరుకు మడ్డికి రంగేసిన్రు, గంతే," అన్నాడు గోపాలయ్య.

తిప్పన్న, మహాంతేశ్, సూగురేశ్ ముగ్గురూ తమ గ్లాసుల వంక అనుమానంగా చూసుకున్నారు.

తిప్పన్న మిద్దె మీద వారానికో బైఠక్. రాయచూరు బజార్లో పాత్రల దుకాణం మూసి గోపాలయ్య వచ్చాడంటే మంచి కుర్చీ ఖాళీ చేసి ఇస్తారు. ఎవరి సీసా ముట్టడు. సొంత స్టీలు ఫ్లాస్కు తెచ్చుకుంటాడు. "మనది సింగిల్ మాల్ట్" అంటాడు. బజార్లో ఇప్పుడు అతని ఇంటిపేరే అదైపోయింది.

"మాల్టంటే ఏందన్నా అసలు?" అడిగాడు సూగురేశ్.

గోపాలయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఫోన్లో చూసిన వీడియోలన్నీ నాలుక మీదికొచ్చాయి.

"గింజలు నానబెట్టాలె. మొలకలు రావాలె. ఇగ పెరగకుండ ఎండబెట్టాలె. గదీ మాల్టంటే. స్కాట్లండోళ్లు బార్లీతోని చేస్తరు. దాన్ని దంచి, వేడినీళ్ల కలిపి, పులియబెట్టి, రాగి పాత్రల కాస్తరు. రాగి పాత్రలనే! స్టీలుది పనికి రాదు." పాత్రల వ్యాపారి గర్వమంతా ఆ మాటలో పలికింది. "ఆవిరి చల్లారితే నీళ్ల లెక్క తెల్లగ దిగుతది. చెక్క పీపాల ఏండ్లకేండ్లు ఉంచితే గప్పుడు రంగొస్తది."

"మొదలు ఎవరు కాసిన్రు?"

"సన్యాసులంట. మఠాలల్ల మందు లెక్క కాసిన్రు. ప్రాణం పోసే నీళ్లని పేరు పెట్టిన్రు. ఎనక సర్కారు పన్నేస్తే, జనం గుట్టలల్ల దాసుకొని కాసుడు షురూ చేసిన్రు."

"మఠమా! హౌదా, నిజమా?" మహాంతేశ్ గ్లాసు కళ్లకద్దుకున్నాడు.

గోపాలయ్య ఫ్లాస్కులోంచి మూతలోకి కొంచెం ఒంపుకున్నాడు. సన్నగా పొగలు లేచాయి.

"వేడిగనా!" అన్నాడు సూగురేశ్.

"చలిదేశపోళ్లు వేడినీళ్లు పోసుకొని తాగుతరు. ఐసు ఎవడేస్కుంటడు?"

సూగురేశ్ సిగ్గుపడి తన గ్లాసులోని ఐసు ముక్క తీసి పారేశాడు. "ఒక్క గుక్క ఇయ్యన్నా."

"అలవాటు లేని నాలికకు దీని రుచి తెల్వది," అని గోపాలయ్య మీసం తుడుచుకున్నాడు.

మెట్ల మీద గాజులు గలగలమన్నాయి. పైకొచ్చింది అతని భార్య ఆండాళ్. కిందింట్లో తిప్పన్న భార్య నింగమ్మతో మాట్లాడటానికి వచ్చినట్టుంది. గోపాలయ్య ఫ్లాస్కును ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఏమయ్యా, సింగిల్ మాల్టంట గద! అది పిరమైన విస్కీ పేరని నింగమ్మ చెప్పేదాంక నాకు తెల్వకపాయె." ఆండాళ్ ఫ్లాస్కు వైపు వేలు చూపింది. "దవాఖాన్ల పడి లేసినప్పుడు మనుమరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి ఇగ ముట్టనని ఒట్టేసినవ్. పాపం, కోడలు రోజూ రాగి మాల్ట్ కాసి ఆ ఫ్లాస్కుల పోసిస్తది. దాన్ని యాడ పారబోసి, ఏం నింపుకుంటున్నవ్?"

"పారబోస్తలేనే. మాల్టే తాగుతున్న."

"నేననేది గూడ గదే! ఇంటికొస్తే నోట్లకెళ్లి యాలకుల వాసన. తాగినోళ్లు గాక రాత్రిపూట యాలకులెవరు నములుతరు?" ఆండాళ్ చెయ్యి చాపింది. "ఇటియ్. వాసన చూస్త. ఇయ్యకుంటే మాన్వికి, మా తమ్మునింటికి పోత. మళ్ల రాను."

గోపాలయ్య స్నేహితుల వైపు చూశాడు. ముగ్గురి కళ్లూ ఫ్లాస్కు మీదే ఉన్నాయి. నిజం చెబితే తెల్లారేసరికి బజారంతా నవ్వుతుంది. కానీ ఒట్టు మనుమరాలి మీదిది. అటూ ఇటూ కూడా చెల్లే మాట ఒకటి తట్టింది.

"రాగిదే," అన్నాడు, భార్య కళ్లలోకి చూస్తూ.

ఆండాళ్ ముఖం మెత్తబడింది.

"అవునొదినా, రాగిదే!" తిప్పన్న పగలబడి నవ్వాడు. "రాగి పాత్రల కాసిందే! స్టీలుది అన్నకు పడదు!"

మిద్దె ఎగిరిపోయేలా నవ్వారు ముగ్గురూ. ఆండాళ్ ముఖం మాడిపోయింది. చాపిన చెయ్యి మాత్రం దించలేదు.

గోపాలయ్య ఫ్లాస్కు ఎత్తి, ఉన్నదంతా గటగటా తాగేశాడు.

ఆండాళ్ విసురుగా వెనక్కి తిరిగింది. కొంగు దోపుకుని మెట్లు దిగిపోయింది. "బస్టాండుకు ఆటో పిలువు, నింగమ్మా," అనడం కిందినుంచి వినబడింది.

"మొగోడంటే గోపాలన్న!" అన్నాడు సూగురేశ్.

గోపాలయ్య నవ్వినట్టు చేసి, మూలనున్న నల్లా దగ్గరికి పోయాడు. స్నేహితులకు వీపు అడ్డం పెట్టి ఫ్లాస్కు కడిగాడు. అడుగున అంటిన రాగి పిండి, అందులో కోడలు దంచి వేసిన యాలకుల పొట్టు, నల్లా నీళ్లతో పాటు కాలువలోకి జారిపోయాయి.