వరుసలో ఆఖరు

పైడితల్లి కాల్లో ముల్లు విరిగింది.

ఆగి, లాగి పారేసి తలెత్తేసరికి పిల్లల వరుస ముందుకెళ్లిపోయింది. వెనక చెట్ల మధ్య ఎవడో నిలబడి ఉన్నాడు. గోచీ, భుజాన గొడ్డలి.

కుంటుకుంటూనే పరుగెత్తి, వరుస చివర నడుస్తున్న భీముణ్ణి అందుకుంది.

"ఒరే, ఎవుడో మన ఎనకాలే వత్తన్నాడు!"

"ఇందాకట్నుంచీ సూత్తన్నాను." భీముడు గొంతు తగ్గించాడు. "కొండల్లో దొరలు కడతన్న వంతెన నిలబడ్డం లేదట. మనలాటి గుంటల్ని బలిత్తే నిలబడతాదట."

"నోర్ముయ్యి!"

"మనం పోతే అడిగేటోళ్లెవులే? అలాటోళ్లనే పడతారు."

అదీ నిజమే. శృంగవరపుకోట బజారు అరుగుల మీద పడుకునే పిల్లలు వాళ్లంతా. వరహాలరావు గారు రోజూ ఇంత గంజి పోయిస్తారు. "ఇల్లెలాగూ చూడలేదు, కొండలైనా చూడనీ. బొర్రా గుహలో శివయ్యకు దణ్ణం పెట్టిస్తాను" అని ఆయనే తీసుకొచ్చారు. రాత్రి అనంతగిరిలో పడుకుని, తెల్లారి అడవిదారి పట్టారు.

"కుంటిగుంటా, బేగి రా!" అంటూ భీముడు ముందుకు ఉరికాడు.

మళ్లీ పైడితల్లే ఆఖరు.

వెనక ఎండుటాకులు నలిగాయి. ఆమె ఆగితే ఆ చప్పుడూ ఆగింది. నడిస్తే మళ్లీ మొదలైంది.

తిరిగి చూసింది. ఆ మనిషి దగ్గరకొచ్చేశాడు. ఏదో కొండభాషలో గట్టిగా అంటూ గొడ్డలి ఊపాడు.

"బాబుగోరో!"

వరహాలరావు గారు పరుగున వచ్చారు. చేతికందిన రాయి విసిరారు. పిల్లలూ విసిరారు. ఒకటి అతని నుదుటికి తగిలింది.

అతను తిట్టలేదు. నెత్తురు తుడుచుకుని, ముందుకు పొమ్మన్నట్టు మళ్లీ గొడ్డలి ఊపి, పొదల్లోకి తప్పుకున్నాడు.

"నా చెయ్యి వదలకమ్మా" అంటూ ఆయన పైడితల్లిని తన పక్కన నడిపించారు. ఇప్పుడు ఆఖరు భీముడు.

కాసేపటికి వెనక ఒక కేక. సగంలోనే తెగిపోయింది.

ఎవరూ వెనక్కి చూడలేదు. గుహ దాకా పరుగే పరుగు. అందరి తర్వాత భీముడూ లోపలికొచ్చి పడ్డాడు.

లోపల చీకట్లో శివలింగం ముందు దీపం వెలుగుతోంది. వరహాలరావు గారు చేతులు జోడించారు.

"చూశావా తల్లీ, స్వామే మన వెంట ఉండి తీసుకొచ్చాడు."

"ముందున్నాడా బాబూ, ఎనకున్నాడా?"

ఆయన జోడించిన చేతులు దించకుండానే పైడితల్లి వైపు తిరిగారు.

దీపంలో నూనె పోస్తున్న కొండ ముసలామె గంగ తలెత్తింది.

"మీ ఎనకాల సోంబరు రాలేదేటి?"

"సోంబరెవరు?"

"గొడ్డలట్టుకుంటాడే, ఆడు. ఈ దారిన పెద్దపులి తిరుగుతాది బాబూ. వరసలో ఆకరోళ్లనే పడతాది. మొన్న వానల్లో ఆడి కూతుర్ని అలాగే ఎత్తుకుపోయింది."

వరహాలరావు గారి జోడించిన చేతులు విడిపోయాయి.

"అప్పట్నుంచీ ఎవులొచ్చినా, ఆకర్న ఆడే నడుత్తాడు."