అవసరానికి తగ్గ కెమెరా

"ఇందులో నీ మొహం మీద ముడతలన్నీ కనిపిస్తున్నాయి. నాకొద్దు," అంటూ జిడ్డు మూడో కెమెరాను కూడా కౌంటరు మీద పక్కకు నెట్టేశాడు.

సేల్స్‌మన్‌కు ఒళ్లు మండింది. అతనికి నిండా నలభై లేవు. ముడతలట.

వచ్చి గంటయినా కొనకుండా, అలాగని లేవకుండా కూర్చునేవాళ్లను ఆ కెమెరాల షాపులో జిడ్డు అనే అంటారు. ఈ మనిషికైతే కుర్చీలో కూర్చోకముందే ఆ పేరు పెట్టేయొచ్చు. వస్తూనే ఫ్యాను తనవైపు తిప్పించుకున్నాడు. మంచినీళ్లు ఇస్తే గ్లాసు వాసనేస్తోందన్నాడు. పిలుపు నువ్వుతో మొదలుపెట్టి మీరు దాకా రానేలేదు.

మామూలు రోజైతే భరించేవాడే. పన్నెండేళ్లుగా చేస్తున్నది ఆ పనే. ఇవాళ మాత్రం నాలుగింటికల్లా అతను ఇంట్లో ఉండాలి. అతనుండే మూడంతస్తుల బిల్డింగులో కింద పిల్లరుకు పగులొచ్చింది. మొదట వెంట్రుకవాసి ఉండేది. ఇప్పుడు చిటికెన వేలు దూరుతోంది. పడగ్గది తలుపుకు గడియ పడక నెల దాటింది. కట్టిన బిల్డరేమో పైపూత చిట్లిందంతే, రంగు వేస్తే పోతుందంటాడు. ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఇవాళ సాయంత్రం ఇంజనీరును పంపుతామన్నారు. ప్రమాదమని ఆయన తేలిస్తే బిల్డరు తన ఖర్చుతో పిల్లరు బాగుచేయించి తీరాలి. ఏమీ లేదన్నాడా, ఆరు కుటుంబాలూ దేవుడి మీద భారం వేసి పడుకోవాల్సిందే. అతని ఇద్దరు పిల్లల మంచం సరిగ్గా ఆ పిల్లరుకు పైనే ఉంది.

షాపు ఓనరు త్వరగా వెళ్లమన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఈ బేరం తెమిల్చి వెళ్లాలి.

సేల్స్‌మన్ పళ్లు బిగబట్టి మళ్లీ మొదలుపెట్టాడు. దేనికి కావాలో చెబితే దానికి తగ్గది చూపిస్తానన్నాడు. పెళ్లిళ్లకా, ప్రయాణాలకా, ఇంట్లో పిల్లల కోసమా. తన అవసరం తనకు తెలుసనీ, సోది ఆపి సరుకు చూపించమనీ కసిరాడు జిడ్డు. పోనీ ఎంతలో చూపించమంటారని అడిగాడు సేల్స్‌మన్.

"ఎంతైనా ఫర్వాలేదు. డబ్బు నాది కాదు."

సేల్స్‌మన్‌కు ప్రాణం లేచొచ్చింది. షాపుకంతటికీ ఖరీదైన కెమెరా బయటికి తీశాడు. చీకటి మూలనున్న చీమ కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చని చెప్పాడు. చీమలతో తనకేం పని అన్నాడు జిడ్డు. ఇంకోటి, దూరానున్నదాన్ని దగ్గరికి లాక్కొస్తుంది. తానే దగ్గరికి వెళ్తాడట, లాక్కురావడం దేనికట. మరొకటి తీసిన ఫోటో గోడంత చేసినా చెదరదు. అరచేతిలో పట్టేంత వస్తే అదే ఎక్కువట. ఏది చూపించినా సేల్స్‌మన్ మొహాన్నే ఒక ఫోటో తీయడం, తెర మీద వెతికి వెతికి ముడతలు లెక్కపెట్టడం, పెదవి విరవడం.

మూడు దాటింది. భార్య ఫోన్ చేసింది. అందరూ అప్పుడే కిందికి చేరారు, గట్టిగా మాట్లాడేవాడు మీరొక్కరే, ఇంకా బయల్దేరలేదా అని అడిగింది. ఫోన్ మాట్లాడడానికా జీతం ఇచ్చేది అని జిడ్డు గొణిగాడు.

అప్పుడు వెలిగింది సేల్స్‌మన్‌కు. ఇదంతా జిడ్డు ఇంట్లో ఆవిడ పోరు. ఫోటోలో వయసు కనిపించకూడదని ఆవిడ పట్టుబట్టి ఉంటుంది. డబ్బూ ఆవిడదే. ఇలాంటి మొగుడితో కాపురం చేస్తే ముడతలు పడక ఏమవుతాయి, పాపం.

కింది అరలో రెండేళ్లుగా మూలుగుతున్న కెమెరా ఒకటుంది. దానికో రోగం. పైనున్న చక్రాన్ని ఆఖరి గుర్తు దగ్గరికి తిప్పితే ఏది తీసినా నున్నగా చేసేస్తుంది. కొన్న ముగ్గురూ తిట్టిపోసి తిరిగిచ్చేశారు. సేల్స్‌మన్ దాన్ని దుమ్ము దులిపి తెచ్చాడు. చక్రం తిప్పి, గీతలు పడిన కౌంటరు అద్దాన్నే ఫోటో తీసి చూపించాడు. అద్దం ఇవాళే బిగించినట్టుంది.

జిడ్డు మొదటిసారి నవ్వాడు.

"ఇదీ కెమెరా అంటే. ఇంతసేపూ దాచావేం?"

"మీ అవసరమేంటో ఇప్పుడేగా సార్ అర్థమైంది."

కసికొద్దీ శ్రద్ధగా నేర్పాడు. చక్రం తిప్పడం రెండుసార్లు చేయించాడు. పక్కనుంచి తీస్తే అంతో ఇంతో తెలుస్తుందనీ, ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేస్తే ఆ కాస్తా మాయమైపోతుందనీ చెప్పాడు. పైసా తగ్గించలేదు. జిడ్డు అడగనూ లేదు. బిల్లు మీద పేరు రాయబోతే అక్కర్లేదని చెప్పి, పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్ల దరిద్రం వదిలించావని ఓనరు భుజం తట్టాడు. సేల్స్‌మన్‌కు కడుపు నిండినట్టయింది. ఆ ఫోటోలు నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు చూసి నవ్వకపోరు. జిడ్డు మొహం అప్పుడు చూడాలి. దారి పొడుగునా అదే తలుచుకుని నవ్వుకున్నాడు.

అతను చేరేసరికి నాలుగున్నర. బిల్డింగు కింద ఆరు కుటుంబాలూ గుంపుగా నిలబడి ఉన్నాయి. ఇంజనీరు వచ్చేశాడనీ, పావుగంటగా పరీక్షిస్తున్నాడనీ భార్య చెప్పింది. అతను అందరినీ తప్పించుకుంటూ ముందుకు వెళ్లాడు.

పగిలిన పిల్లరుకు ఎదురుగా నిలబడి, నేర్పినదాంట్లో ఒక్కటీ మరిచిపోకుండా చక్రాన్ని ఆఖరి గుర్తు దగ్గరికి తిప్పి, ఫ్లాష్ వేసి, జిడ్డు ఫోటో తీస్తున్నాడు.