గోడ తాత

చిన్న డాక్టరమ్మ మంచం మీదికి వంగిందో లేదో, ముసలాయన చటుక్కున గోడవైపు తిరిగిపోయాడు.

"తాతగారూ, ఇటు తిరగండి. ఛాతీ చూడాలి."

"వీపు మీంచి చూడమ్మా. చాలు."

"మీతో మాట్లాడాలి కదా."

"గుమ్మం దగ్గర నిలబడి అడుగు. నాకేం చెవుడు లేదు."

కరోనా వార్డంతా ఆయనకు గోడ తాత అని పేరు పెట్టేసింది. అంబులెన్సులో ఒంటరిగా వచ్చాడు. తన గురించి ఎవరడిగినా నోరు విప్పలేదు.

పక్క వార్డులో ఆమెతోపాటు చదువుకున్న డాక్టరే ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇంట్లో పాలు మరవని పాప. అయినా తను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తుంటే, ఈయనకు తన ముఖమే గిట్టడం లేదు.

ఒకరోజు ఆయనకు ఆయాసం ముంచుకొచ్చింది. ఆమె పరుగున వెళ్ళి పట్టుకోబోతే, చేత్తో వెనక్కి నెట్టాడు.

"దూరం... నీ మాస్కు వదులైంది. చూసుకో ముందు."

తడుముకుంది. నిజమే. సిస్టర్ ఆయన్ని అందుకుంటే, ఆమె బయటికెళ్ళి మాస్కు మార్చుకొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

"ఆడపిల్ల చేత వైద్యం చేయించుకోవడం నామోషీ కాబోలు," అంది సిస్టర్‌తో. "మంచాన పడ్డా బింకం తగ్గలేదు."

"పోనీలెండి డాక్టరమ్మా. పెద్ద ప్రాణం."

నెమ్మదిగా ఆయాసం దారికొచ్చింది. ముసలాయన లేచి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆమె సెలవు మీద వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అన్నీ మంచి కబుర్లే. తన కరోనా పరీక్షలో ఏమీ లేదని తేలింది. స్నేహితుడికి ఆక్సిజన్ తీసేశారు. గోడ పక్క మంచం మీద కొత్త దుప్పటి.

"గోడ తాత ఇంటికెళ్ళాడా సిస్టర్?"

"ఇంటికి కాదు, నేరుగా పనిలోకి. పొద్దున కారొచ్చి తీసుకెళ్ళింది. మీకోసం చూశారు పాపం."

"నాకోసమా?"

"తానెవరో ముందే చెబితే మీరంతా మంచం చుట్టూ మూగుతారని చెప్పలేదట. ఆయన పనిచేసే చోట తనలాంటి పెద్దాయనే ఒకరు జబ్బున పడితే, అక్కడి పిల్లలంతా గౌరవం కొద్దీ అలాగే మూగారట. ముగ్గురికి అంటుకుందట. 'ఈ పిల్లకైనా నా ఊపిరి తగలకూడదనుకున్నా' అన్నారు."

ఆమె ఖాళీ మంచం వైపు చూసింది.

"ఎవరు సిస్టర్ ఆయన?"

"రిటైరై ఇంట్లో ఉన్న డాక్టరుగారట. మనుషులు చాలడం లేదని తెలిసి, పక్క ఊళ్ళో ఇలాంటి వార్డులోనే మళ్ళీ పనిలో చేరారట. ఇప్పుడూ అక్కడికే వెళ్ళారు."